వణుకు దేని వెంట పోతోంది?

తార్నాక ఫ్లైఓవర్ మీద ఒక పాత జీపు పోతోంది అనుకోండి. గంటకు 55 కిలోమీటర్ల వేగం. వంతెన అతుకు దగ్గర ముందు చక్రం చిన్నగా ఎగిరిపడింది. అంతే. స్టీరింగ్ చేతుల్లో గిలగిలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బానెట్ ఊగింది. డాష్‌బోర్డు మీద పెట్టిన కళ్లజోడు జారి కాళ్ల దగ్గర పడింది. నడిపే ఆయన గాభరాపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారు. వేగం 30కి దిగింది. వణుకు ఆగిపోయింది. అసలేమీ జరగనట్టే జీపు ముందుకు పోయింది.

మర్నాడు ఆయన మెకానిక్ దగ్గరకు వెళ్తారు. "ఏం గాదు సార్, బ్యాలెన్సింగ్ చేపియ్యండి, సెట్ అయితది" అంటాడు. చేయిస్తారు. పోదు. ఇంకొకాయన అలైన్‌మెంట్ అంటాడు. అదీ చేయిస్తారు. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలవుతుంది. మూడో ఆయన టైర్లు మార్చమంటాడు. నాలుగు కొత్త టైర్లు పడతాయి. వణుకు మాత్రం ఇంటల్లుడిలా అక్కడే ఉంటుంది.

మల్కాజ్‌గిరి, మీర్జాలగూడ, తార్నాక, హబ్సిగూడ. ఈ చుట్టుపక్కల పాత మహీంద్రా జీపునో, మారుతి జిప్సీనో ప్రేమగా కాపాడుకుంటున్నవాళ్ల కోసమే ఈ ప్రసంగం. చెప్పేది ఒక్కటే మాట. పానా పట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ వణుకు దేని వెంట పోతోంది? చక్రం వెంటా? గతుకు వెంటా? బ్రేకు వెంటా? ఇంజను వెంటా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సగం రిపేరు అయిపోయినట్టే.

తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్తుంటే దారిలోనే జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. అందరూ ఎన్‌జీఆర్‌ఐ అంటారు. 1961లో మొదలైంది. భూమి వణికితే ఆ వణుకును చదవడం అక్కడి శాస్త్రవేత్తల పనుల్లో ఒకటి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో భూకంపం వచ్చింది. అలాంటప్పుడు భూకంపం పుట్టిన చోటు ఎలా తెలుస్తుంది? ఎవరూ గడ్డపార తీసుకుని తవ్వరు. ముందు ఒక రకం అలలు వస్తాయి. కాసేపటికి రెండో రకం అలలు వస్తాయి. ఆ రెంటి మధ్య ఎంత వ్యవధి ఉందో చూసి దూరం కడతారు. అలా కనీసం మూడు కేంద్రాల లెక్కలు కలిపితే పుట్టిన చోటు తేలుతుంది. వణుకు ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది అని చూస్తే, ఎక్కడ పుట్టిందో అదే చెబుతుంది.

జీపు విషయంలో మన మెకానిక్‌లు చాలామంది గడ్డపారతోనే మొదలుపెడతారు. అక్కడే వస్తోంది చిక్కు.

ముందు ఈ బండి పుట్టుపూర్వోత్తరాలు కాస్త చూద్దాం. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో అమెరికన్ విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. ఆ జీపు వంశమే తర్వాత ఊరూరా తిరిగింది. బీడీవో గారి జీపు వచ్చిందంటే పిల్లలు దాని వెనక పరిగెత్తిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. పోలీసులు, సైన్యం దాన్ని విరివిగా వాడారు. ఈ రెండు బండ్లకీ ఒక పోలిక ఉంది. ముందు ఇరుసు ఒకటే ముక్క. ఎడ్లబండి ఇరుసులాగా ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే కడ్డీ అనుకోండి. దాని కింద కమాను కట్టలు. గుట్టలు, వాగులు దాటడానికి ఇంతకంటే మొండి ఏర్పాటు లేదు. ఒక చక్రం రాయెక్కితే రెండోది నేలకు మరింత గట్టిగా ఆనుకుంటుంది.

ఆ మొండితనానికి కట్టాల్సిన పన్నే ఈ వణుకు.

ఇది మన ఒక్కరి బాధే కాదు. 1920లలో పాశ్చాత్య దేశాల కార్లలో చాలావాటికి ఇలాంటి ఇరుసే ఉండేది. వేగం పెరిగేకొద్దీ ముందు చక్రాలు ఊగిపోయేవి. ఆ జబ్బుకు వాళ్లు 'షిమ్మీ' అని పేరు పెట్టారు. భుజాలు అదురుస్తూ చేసే ఒక నాట్యం పేరది. 1934 మోడల్ కార్లలో జనరల్ మోటార్స్ ఏ చక్రానికా చక్రం విడిగా కదిలే ఏర్పాటు పెట్టింది. దానికి ఉన్న కారణాల్లో ఈ నాట్యాన్ని ఆపడం ఒకటి. కార్లు ఆ దారి పట్టాయి. జీపు పట్టలేదు.

సరే, మన ప్రశ్నకు వద్దాం. వణుకు దేని వెంట పోతోంది?

మొదట చక్రం వెంట పోయే వణుకు. ఇది వేగంతో వస్తుంది. రోజూ ఒకే వేగం దగ్గర మొదలవుతుంది. 60 దాటాక సన్నగా పుట్టి, 80 దగ్గర బాగా తెలిసిందనుకోండి. రోడ్డు అద్దంలా ఉన్నా వస్తుంది. గతుకుతో దీనికి పని లేదు. ఇంట్లో వాషింగ్ మెషీన్ చూసే ఉంటారు. తడి దుప్పటి ఒక పక్కకు ముద్దగా చేరితే, నీళ్లు పిండే తిరుగుడులో మెషీన్ గదంతా నడుస్తుంది. మెల్లగా తిరిగినప్పుడు మాత్రం బుద్ధిగానే ఉంటుంది. బరువు ఒక పక్క ఎక్కువైన చక్రమూ అంతే.

చిన్న లెక్క చెప్పుకుందాం, భయపడకండి. పాత జీపు టైరు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు రెండుంపావు మీటర్లు పోతుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు పది చుట్లు తిరుగుతుంది. ఇప్పుడు రిమ్ము లోపల ఒక పక్క 50 గ్రాముల బురద ఎండి అంటుకుని ఉందనుకోండి. 50 గ్రాములంటే ఒక నిమ్మకాయంత బరువు. ఆ వేగంలో అది ఇరుసును నాలుగు కిలోల బలంతో విసురుతుంది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి. సెకనుకు పదిసార్లు. వేగం సగమైతే ఆ విసురు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే 40లో ఏమీ తెలియదు.

బురద ఊరికే అనలేదు. వర్షాకాలంలో వికారాబాద్ అనంతగిరి కొండల వైపు జీపు తీసుకెళ్లి, ఆదివారం సాయంత్రం బురదతో ఇంటికి వస్తారు. సోమవారం స్టీరింగ్ వణుకుతుంది. రాళ్లలో ఏదో విరిగిందని బెంగపడతారు. అసలు విషయం రిమ్ము వెనక పక్క ఎండిన మట్టి. బయటి పక్క కడుగుతారు గానీ లోపలి పక్క ఎవరు చూస్తారు? కాబట్టి మొదటి రిపేరు నీళ్ల పైపుతో. ఖర్చు లేదు.

తర్వాత గాలి. నాలుగు చక్రాల్లోనూ గాలి సరిగ్గా ఉందా చూడండి. తర్వాత టైరు. నెలల తరబడి ఒకేచోట నిలబెట్టిన బండికి టైరు కింది భాగం చదును తేలుతుంది. కొంతదూరం పోయి వేడెక్కితే ఒక్కోసారి సర్దుకుంటుంది, ఒక్కోసారి సర్దుకోదు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2314 అని ఉంటే 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మంచి గ్రిప్ కనిపించినా అంత పాత రబ్బరు లోపల పొరలు విడిపోయి ఉబ్బవచ్చు. ఉబ్బు ఉన్న టైరును పట్టుకోవడానికి వేగం అక్కర్లేదు. 20లో పోయినా బండి బాతులా అటూ ఇటూ నడుస్తుంది. ఉస్మానియా క్యాంపస్‌లో చెట్ల కింద రోడ్ల మీద ఈ పరీక్ష చేసుకోవచ్చు. అక్కడ 20కి మించి పోవద్దు సుమా. పొద్దునే నడకకు వచ్చేవాళ్లుంటారు.

రిమ్ము వంకర చూడడానికి సుద్దముక్క చాలు. చక్రాన్ని జాకీ మీద లేపండి. రిమ్ము అంచుకు దగ్గరగా సుద్దముక్కను కదలకుండా పట్టుకోండి. ఇంకొకరు చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. సుద్ద అంటిన చోటు బయటికి వంగినట్టు.

ఇంకో సులువు. ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకు మార్చి చూడండి. ముందు వణుకు స్టీరింగ్‌లో తెలుస్తుంది. వెనక వణుకు సీటు కింద తెలుస్తుంది. చక్రాలు మార్చాక వణుకు స్టీరింగ్‌లోంచి సీటు కిందికి చేరిందా? అయితే దోషం చక్రంలోనే. స్టీరింగ్‌లోనే మిగిలిపోయిందా? టైర్ల మీద డబ్బు పెట్టకండి. మరోసారి చెప్తాను. చక్రం మారితే వణుకు చోటు మారిందా లేదా, అది చూడండి.

ఇక రెండోది. గతుకు వెంట వచ్చే వణుకు. ఫ్లైఓవర్ మీద జీపుకు వచ్చింది ఇదే. దీని లక్షణం వేరు. మంచి రోడ్డు మీద 70లో పోయినా రాకపోవచ్చు. 50లో ఒక అతుకు తగిలితే వచ్చేస్తుంది. వచ్చాక గతుకు దాటిపోయినా ఆగదు. తనను తానే పెంచుకుంటుంది. వేగం తగ్గిస్తే తప్ప వదలదు.

ఎందుకిలా? తిరిగే బొంగరాన్ని గుర్తు తెచ్చుకోండి. అది పక్కకు వాలితే టక్కున పడదు. ఒంగి, చుట్టూ తిరుగుతుంది. తిరిగే వస్తువును ఒక వైపు వంచితే అది మరో వైపు తిరుగుతుంది. జీపు చక్రమూ బొంగరమే. ఎడమ చక్రం గతుకెక్కితే ఒకే ముక్క ఇరుసు కాబట్టి ఇరుసంతా వాలుతుంది. రెండు చక్రాలూ వాలతాయి. వాలిన చక్రం పక్కకు తిరగాలని చూస్తుంది. స్టీరింగ్ దాన్ని వెనక్కి లాగుతుంది. కాస్త ఎక్కువ లాగుతుంది. చక్రం అటు వైపు పోతుంది. మళ్లీ ఇటు. ఉయ్యాలను సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడల్లా తోస్తే ఎలా పెరుగుతుందో, ఇదీ అలాగే పెరుగుతుంది. సూపర్ మార్కెట్ ట్రాలీ ముందు చక్రం ఒక్కోసారి పిచ్చెత్తినట్టు టపటపా కొట్టుకుంటుంది చూడండి. దీనికి అది దగ్గరి చుట్టం.

రైళ్లకూ ఇలాంటి జబ్బుంది. తార్నాకకు పక్కనే లాలాగూడలో 1893 నాటి రైల్వే వర్క్‌షాప్ ఉంది. రైలు చక్రం అంచు కొంచెం ఏటవాలుగా ఉంటుంది. అరిగి ఆ వాలు చెడితే పెట్టె పట్టాల మధ్య అటూ ఇటూ ఊగుతుంది. చక్రాన్ని లేతు మీద మళ్లీ చెక్కి ఆకారం తెస్తారు. రైల్వేవాళ్లు పెట్టెకు తాళ్లు కట్టి ఊపు ఆపాలని చూడరు. అరుగుదలనే సరిచేస్తారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

జీపులో ఆ అరుగుదల ఎక్కడ? కీళ్లలో. కీలు బిగువుగా ఉంటే ఊపును రాపిడి తినేస్తుంది. వదులైతే ఊపుకు చోటు దొరుకుతుంది. మన మెకానిక్‌లు దాన్నే 'ప్లే' అంటారు, 'ఆట' అంటారు. ఊగే పన్నును నాలుకతో తడుముకున్నట్టు ఆ ఆట ఎక్కడుందో తడుముకుంటూ వెతకాలి.

ముందు చక్రాన్ని జాకీతో లేపండి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఇరుసు కింద స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు. ఇప్పుడు చక్రాన్ని గడియారంలా ఊహించుకోండి. 12 ఉన్నచోట ఒక చెయ్యి, 6 ఉన్నచోట ఒక చెయ్యి. లోపలికి బయటికి ఊపండి. టక్ టక్ అని ఆట తెలిసిందా? అది వీల్ బేరింగ్‌ది కావచ్చు, చక్రం పక్కకు తిరిగే కీలైన కింగ్ పిన్‌ది కావచ్చు. ఏదో తేల్చడం ఎలా? ఇంట్లోవాళ్లను ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమనండి. మళ్లీ ఊపండి. ఆట మాయమైతే బేరింగ్. ఆట అలాగే ఉంటే కింగ్ పిన్. ఎందుకంటే బ్రేకు పడగానే చక్రం, దాని వెనక ఉన్న నకిల్ ఒకటైపోతాయి. ఇక బేరింగ్‌కు ఆడే వీలుండదు. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష ఎంతోమందికి తెలియదు.

తర్వాత చేతులు 9 దగ్గర, 3 దగ్గర పెట్టి ఊపండి. 12, 6 దగ్గర లేని ఆట ఇక్కడ ఉంటే అది రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ చివర్లదో, స్టీరింగ్ లింకులదో.

ఇప్పుడు చక్రాన్ని నేల మీదికి దించేయండి. ఇంజను ఆపే ఉండాలి. ఒకరు స్టీరింగ్‌ను అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు కదుపుతూ ఉండాలి. మీరు ముందు వైపు వంగి ఒక్కో కీలు మీద చెయ్యి ఆనించండి. రాడ్డు కదిలాక అవతలి ముక్క కాస్త ఆలస్యంగా కదిలితే అక్కడే ఉంది దొంగ. కళ్ల కంటే ముందు చేతికే తెలుస్తుంది. వేళ్లు మాత్రం రెండు ముక్కల మధ్యకు పోనీయకండి. స్టీరింగ్ బాక్సును ఛాసిస్‌కు పట్టిన బోల్టులు చూడండి. విల్లీస్ తరహా పాత జీపుల్లో మధ్యలో బెల్ క్రాంక్ అని ఒకటుంటుంది. అది అరిగితే మిగతావన్నీ కొత్తవైనా లాభం లేదు. కమాను కట్టల బుష్‌లు, షాకిళ్లు, యూ బోల్టులు కూడా చూడాలి. ఇరుసును పట్టుకునే చెయ్యే వదులైతే ఇరుసు ఎలా నిలుస్తుంది?

జిప్సీ ఉన్నవాళ్లు కింగ్ పిన్ బేరింగుల మీద కన్నెయ్యాలి. వాటి బిగువును సన్నని రేకు పలకలతో సర్దుతారు. టై రాడ్ విప్పేసి, స్ప్రింగ్ తక్కెడ తగిలించి లాగుతూ, ఎంత బలానికి నకిల్ కదులుతుందో చూడటం సరైన పద్ధతి. గడ్డీ గాదం తూచే కొక్కెం తక్కెడ లాంటిదే. 'చేత్తో చూస్తే బాగానే ఉంది సార్' అనే మాట ఇక్కడ చాలదు.

ఈ ఆటలన్నీ తీసేశాకే అలైన్‌మెంట్. ముందు కాదు. వదులు కీళ్ల మీద కొలిచిన కొలత రోడ్డెక్కగానే మారిపోతుంది. పైగా ఒకే ముక్క ఇరుసులో మామూలుగా సర్దగలిగేది ముందు చక్రాల మధ్య ముందు వైపు, వెనక వైపు ఉండే ఎడం ఒక్కటే. కింగ్ పిన్ ఎంత వెనక్కి వాలి ఉందన్న కోణం ఇరుసుతోనే వస్తుంది. జీపు ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసిన కుర్రవాళ్లు గమనించాలి. ఎత్తుతో పాటు ఆ వాలు మారవచ్చు. పెద్ద టైరంటే పెద్ద బొంగరం కూడా.

ఇక స్టీరింగ్ డ్యాంపర్. చక్రాల ఊపును అణచడానికి అడ్డంగా బిగించే షాకబ్జర్ లాంటిది. వణుకు అనగానే దాన్ని అమ్మేవాళ్లున్నారు. వేస్తే తగ్గుతుంది, నిజమే. కానీ అరిగిన కీలు అరిగినట్టే ఉంటుంది. ఇంకా అరుగుతుంది. కొన్ని నెలలకు డ్యాంపర్‌ను కూడా ఓడించి వణుకు తిరిగొస్తుంది. లాలాగూడ రైలు చక్రం సంగతి ఇందుకే గుర్తుపెట్టుకోమన్నది. కీళ్లన్నీ బాగున్నాక డ్యాంపర్ మంచి తోడు. కీళ్లకు బదులుగా పెడితే మోసం.

మూడోది, బ్రేకు వెంట వచ్చే వణుకు. దీనికి ఎక్కువ మాటలక్కర్లేదు. బ్రేకు తొక్కితేనే వచ్చి, వదిలితే పోతే, డ్రమ్ము బ్రేకులున్న బండిలో డ్రమ్ము గుండ్రం తప్పి ఉండవచ్చు. లేతు మీద పట్టించాలి, లేదా మార్చాలి.

నాలుగోది ఇంజను, దాని బలాన్ని ఇరుసుకు చేర్చే షాఫ్టుల వెంట పోయేది. వణుకు వచ్చే వేగంలో క్లచ్ తొక్కి ఇంజనును నెమ్మదించనివ్వండి. తాళం మాత్రం తిప్పొద్దు. వణుకు టక్కున పోతే ఇంజను వైపు, దాని రబ్బరు మౌంటింగుల వైపు చూడాలి. పోకపోతే చక్రాలో, షాఫ్టో. షాఫ్టు వణుకు వేరుగా తెలుస్తుంది. విల్లీస్ తరహా జీపుల్లో చాలావాటిలో చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్టు 5.38 చుట్లు తిరుగుతుంది. అంటే 60 వేగంలో సెకనుకు 40 చుట్లు. అది చేతిలో ఊపులా ఉండదు. కాళ్ల కింద గుయ్యిమనే రొదలా ఉంటుంది. బండి కదిలేటప్పుడు 'టక్' మంటే జాయింట్ క్రాస్ అరిగింది. ఒక్కోసారి క్రాస్ మార్చాకే వణుకు మొదలవుతుంది. షాఫ్టును రెండు ముక్కలుగా విప్పి మళ్లీ కలిపేటప్పుడు రెండు చివర్ల కొమ్ములూ ఒకే వరసలో రావాలి. ఒక పన్ను తప్పినా రొద తప్పదు. విప్పే ముందు సుద్దతో గీత గీయమని మెకానిక్‌కు చెప్పండి.

అన్నట్టు, ఫోర్ వీల్ గేరు వేసి మరిచిపోయి ఎండు రోడ్డు మీద మలుపు తిప్పినా బండి బిగుసుకుని అదురుతుంది. అది జబ్బు కాదు, మతిమరుపు.

రోడ్డు మీద ఉన్నట్టుండి పెద్ద వణుకు వస్తే? స్టీరింగ్‌తో కుస్తీ పట్టొద్దు. బొటనవేళ్లు స్టీరింగ్ చక్రం బయటే ఉంచి గట్టిగా పట్టుకోండి. యాక్సిలరేటర్ వదిలేయండి. బ్రేకు ఒక్కసారిగా తొక్కొద్దు. వేగం దానంతట అది తగ్గనివ్వండి. తగ్గాక పక్కకు ఆపి, ముందు చక్రాల నట్లు వదులయ్యాయేమో చూడండి. విల్లీస్ తరహా పాత జీపుల్లో చాలావాటికి ఎడమ పక్క చక్రాల నట్లు ఎడమ మర. అలవాటు కొద్దీ కుడికి తిప్పితే బిగియవు, ఊడతాయి.

ఇక ఈసారి బండి తీసేటప్పుడు ఒక కాగితం, ఒక పెన్సిలు వెంట పెట్టుకోండి. పొద్దునే, రద్దీ లేనప్పుడు, ఘట్‌కేసర్ దాటి వరంగల్ రోడ్డు మీదకు వెళ్లండి. నడిపేవారు రాయకూడదు. పక్కన కూర్చున్నవారు రాయాలి. వణుకు ఏ వేగంలో మొదలైంది, స్టీరింగ్‌లోనా సీటు కిందా, గతుకు తగిలాకా ఊరికేనా, బ్రేకు తొక్కితేనా, క్లచ్ తొక్కితే పోయిందా. ఆ కాగితం మెకానిక్ చేతికివ్వండి. ఒకసారికి ఒక్క మార్పే చేయించండి, దాని ఫలితం చూశాకే రెండోది. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించడం మరిచిపోకండి.